ఏ దేశపు గాలి మంచిది?

వేసవి దినములలో ఆదివారపు ఆరాధన ముగిసిన తరువాత తనకల్లు చుట్టుపట్ల పల్లెలలో జనులు వెంటనే ఇండ్లకు పోరు. గుడి ముందరి వేపచెట్టు క్రిందనో, కానుగచెట్టు క్రిందనో కొంతసేపు కూర్చుందురు. అక్కడ తప్పక వచ్చు మాట ఒకటున్నది. బెంగుళూరులో ఇంత ఎండ లేదని ఒకరందురు. హార్స్‌లీ కొండమీద వేసవి రాత్రియందు కూడ దుప్పటి కావలెనని మరియొకరందురు. కుమారుడు అమెరికాలో ఉన్న తల్లి, అక్కడ చలికాలమున వాకిట పడిన మంచును పారతో తీసిన గాని బయటికి అడుగు పెట్టలేరట అని చెప్పును. చివరకు ఒక పెద్దాయన తువ్వాలుతో విసురుకొనుచు, "ఏం చేస్తామప్పా, మనది శాపం తగిలిన నేల" అని నిట్టూర్చును. అందరును లేచి పోవుదురు.

ఈ మాటలలో రెండు ప్రశ్నలు కలిసియున్నవి. ఏ దేశపు గాలి మంచిదనునది మొదటిది. అది ప్రొద్దుపుచ్చు మాట, దానివలన ఎవరికిని కీడు లేదు. మన నేల నిజముగా శాపము పొందినదా అనునది రెండవది. అది అట్టి మాట కాదు. చెనక్కాయ పంట రెండేండ్లు వరుసగా పోయిన రైతు దానిని నమ్మిన యెడల అతని చేతిలోని బలము జారిపోవును, ప్రార్థించుటకు నోరు రాదు. గనుక ఈ నెల ఈ సంగతిని కొంచెము నిదానముగా ఆలోచింతము.

మొదట చిన్న ప్రశ్న. దక్షిణ అమెరికాలోని క్విటో పట్టణము భూమధ్యరేఖకు అతి సమీపమున ఉన్నను, సుమారు 2,850 మీటర్ల ఎత్తున ఉన్నందున అక్కడ సంవత్సరమంతయు ఒకే విధమైన చల్లదనము. చైనా దేశములోని కున్మింగును నిత్యవసంత నగరమని పిలుతురు. మేఘాలయలోని చిరపుంజిలో సంవత్సరమునకు 11,000 మిల్లీమీటర్లకు పైగా వర్షము కురియును. మన రైతు ఈ లెక్క విన్న యెడల అదియే పరలోకమనుకొనును. అయితే ఆ నీరంతయు ఏటవాలు కొండలమీదనుండి జారి క్రింది మైదానములకు పోవును. చలికాలమున అక్కడి స్త్రీలు బిందెలు పట్టుకొని ఊటలను వెదకుచు నడువవలసి వచ్చుచున్నది. నార్వే దేశపు ఉత్తరముననున్న ట్రోమ్సో పట్టణములో నవంబరు చివరనుండి జనవరి మధ్యవరకు సూర్యుడే ఉదయింపడు. మరల సూర్యుడు కనబడిన దినమున అక్కడివారు పండుగవలె సంతోషింతురు. మనము మేఘము కొరకు ఎదురుచూచినట్లు వారు ఎండ కొరకు ఎదురుచూతురు.

మనుష్యులు దీవించు మాటలలో కూడ వారి దేశపు గాలి ఉన్నది. మన పెద్దలు తలమీద చెయ్యివేసి "చల్లగా ఉండు నాయనా" అందురు. దయగల ఆమెను చల్లని తల్లి అందుము. మేలు చేసినవారితో "నీ కడుపు చల్లగా" అందుము. ఇంగ్లీషువారికి ఇది తలక్రిందులు. వారు ప్రేమతో చేర్చుకొనుటను వెచ్చదనముతో పోల్చుదురు. ప్రేమ లేనివానిని చల్లని మనిషి అందురు. ఇంగ్లీషు ప్రసంగమును మాటకు మాట తెనిగించువాడు ఇచ్చట తప్పక జారిపడును. పరిశుద్ధ గ్రంథము ఈ విషయములో మన పక్షముననే యున్నదని చెప్పవచ్చును. 121వ కీర్తన వ్రాసినవాడు ఎండదెబ్బ ఎరిగినవాడు. గనుకనే దేవుడు తన ప్రక్కన నీడగా ఉన్నాడని పాడెను. మంచు దేశములో పుట్టిన యెడల అతడు దేవుని కుంపటితో పోల్చియుండునేమో!

శరీరము చల్లదనము కోరుట పాపమని కొందరు బోధకులు చెప్పుదురు. ఫ్యాను క్రింద కూర్చున్నవాని భక్తి తక్కువదని వారి భావము. నేను దానికి ఒప్పుకొనను. మన ప్రభువే మిట్టమధ్యాహ్నము నడచి అలసి సమరయలోని బావి యొద్ద కూర్చుండి త్రాగుటకు నీళ్లడిగెను. పౌలు చెరసాలలోనుండి తిమోతికి వ్రాయుచు, త్రోయలో విడిచివచ్చిన అంగీని తెమ్మనియు, చలికాలము రాకమునుపే రమ్మనియు కోరెను. మెలితే ద్వీపమున ఓడ బద్దలై వానకు చలికి వణకుచున్నవారికి అక్కడి జనులు నిప్పు రాజబెట్టినప్పుడు, పౌలు తానును పుల్లలేరి వేసెనే గాని వేడి అక్కరలేదనలేదు. ఎండకు చలికి నొచ్చుకొను శరీరమును దేవుడే ఇచ్చెను.

ఇక రెండవ ప్రశ్న. అనంతపురము సీమలో సంవత్సరపు సగటు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు. పడమటినుండి వచ్చు నైరుతి మేఘములు సహ్యాద్రి కొండలనెక్కునప్పుడు తమ నీటిలో పెద్ద భాగమును అక్కడనే కుమ్మరించును. కొండ దాటిన తరువాత మనకు మిగులునది కొంచెము. తూర్పు సముద్రమునుండి వచ్చు ఈశాన్య మేఘములు మనయొద్దకు చేరుసరికి చాలవరకు అలసిపోవును. ఇట్టి చోటును వర్షచ్ఛాయ అని పుస్తకములలో వ్రాయుదురు. పేరులో ఛాయ ఉన్నను, ఉన్నదంతయు ఎండయే. ఈ ఏర్పాటు నిన్న మొన్న వచ్చినది కాదు. తనకల్లు మునుపు కడప జిల్లాకు చేరిన కదిరి తాలూకాలో ఉండెను. 1910లో ఆ తాలూకా అనంతపురము జిల్లాలో కలిసెను. 2022లో శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడెను. జిల్లా ఎన్ని మార్లు మారినను మేఘములకు ఆ సంగతి తెలియలేదు. 1876 మొదలు 1878 వరకు వచ్చిన ధాత కరువు మన సీమను ఎంత పాడుచేసెనో పెద్దల నోట తరతరములుగా వినుచున్నాము.

అయితే మరియొక లెక్క చూడుడి. దావీదు రాజు ఏలిన యెరూషలేములో సంవత్సరమునకు కురియు వర్షమెంత? అదియు సుమారు 550 మిల్లీమీటర్లే. ఎప్పుడును మబ్బుతో నుండునని పేరుపొందిన లండను నగరములో సుమారు 600. ఈ మాట మొదట విన్నవారు నమ్మరు గాని నిజము. లండనులో వాన సంవత్సరమంతయు కొద్దికొద్దిగా పడును, ఎండ తక్కువ గనుక నేలలో నిలుచును. యెరూషలేములో అది చలికాలమున పడును. మనకు వేడి నెలలలో, ఎండగాలి వీచుచుండగా పడి, పడినదానిలో ఎక్కువ భాగము ఆవిరియై పోవును. ముంగారి వానకు విత్తిన చెనక్కాయ ఊడలు దిగు వేళకు ఇరువది దినములు వాన మొగము చాటుచేసిన యెడల, తరువాత హింగారి ఎంత కురిసినను కాయ నిండదు. బైబిలులో తొలకరి వాన, కడవరి వాన అని చదువునప్పుడు పట్టణపువారు దాటిపోవుదురు. ముంగారి, హింగారి అను మాటలు పుట్టిన ఇంటివారికి మాత్రము ఆ వచనములు చెప్పనక్కరలేకయే అర్థమగును.

దేవుడు తన జనమునకు ఏ దేశము నిచ్చెనో ద్వితీయోపదేశకాండము 11వ అధ్యాయములో చదువవచ్చును. ఐగుప్తులో నది ఉండెను. కూరతోటకు కట్టినట్లు కాలువ కట్టి, కాలితో మడవ త్రిప్పి పొలము తడుపుకొనిరి. మీరు చేరబోవు దేశము అట్టిది కాదని మోషే వారికి ముందే చెప్పెను. అది కొండల లోయల దేశము, ఆకాశమువైపు చూడవలసిన దేశము. నీరు గల దేశములు లోకములో ఎన్నో యుండగా, నదిని నమ్ముకొన్న దేశమునుండి తీసి వానను నమ్ముకొన్న దేశములో తన జనమును నాటెను. లోతు మాత్రము వేరుగా ఎంచుకొనెను. అతడు కన్నులెత్తి చూచి, యొర్దాను ప్రక్కన తడిగల మైదానమును కోరుకొనెను. అక్కడి నీళ్లు మంచివే. అక్కడి పొరుగువారెట్టివారో అతడు విచారింపలేదు.

అదే 11వ అధ్యాయములో, జనులు అన్యదేవతలవైపు తిరిగిన యెడల ఆకాశము మూయబడునని ఉన్నది గదా అని ఒకరు అడుగవచ్చును. ఉన్నది. అది ఇశ్రాయేలు జనమంతటికి కలిపి చేసిన హెచ్చరిక. దానిని తీసికొనిపోయి పొరుగువాని ఎండిన చేను గట్టుమీద తీర్పుగా చదువు అధికారము మనకు ఇయ్యబడలేదు. యోబు స్నేహితులు ఆ పనియే చేసి చీవాట్లు తినిరి. ఏలీయా దినములలో వాన నిలిచినప్పుడు కెరీతు వాగు నీరే త్రాగుచుండిన ప్రవక్తకు కూడ ఆ వాగు ఎండిపోయెను. నీతిమంతుడని అతని కొరకు వాగు పారుచుండలేదు. మన ప్రభువు ఎండను వానను గూర్చి మాటలాడినప్పుడు అవి మంచివారికిని చెడ్డవారికిని సమానముగా వచ్చునని చెప్పెను. సిలోయము గోపురము కూలి చచ్చినవారు తక్కినవారికంటె పాపులని తలంచుచున్నారా అని ఆయన అడిగిన ప్రశ్నకు ఎవరును జవాబు చెప్పలేదు. కావున సహోదరులారా, బోరు ఎండిన ఇంటికి పోయినప్పుడు మీరు ఏ పాపము చేసితిరో అని వెదకకుడి. శాపము తగిలిన నేల అను మాట మన నోట రానీయకుడి. కదిరి ప్రాంతములో గూటిబైలు గ్రామము నొద్దనున్న తిమ్మమ్మ మర్రిమాను ఈ కొద్దిపాటి వాన త్రాగియే 4 ఎకరములకు పైగా వ్యాపించి, 1989లో గిన్నిసు గ్రంథమునకు ఎక్కినది.

మంచి గాలిని గూర్చి మన ప్రాంతమునకు దగ్గరనే జరిగిన గొప్ప సంగతి ఒకటున్నది. తనకల్లు నుండి ములకలచెరువు మీదుగా పోయిన యెడల మదనపల్లె వచ్చును. దాని నానుకొని ఆరోగ్యవరము ఉన్నది. క్షయరోగమునకు మందులేని దినములవి. పొడిగాలి, మితమైన చల్లదనము, విశ్రాంతి, మంచి ఆహారము, ఇవే చికిత్స. అందుచేత దక్షిణ దేశములోని పెక్కు మిషనులవారు ఏకమై, సముద్రమట్టమునకు 2,000 అడుగులకు పైగా ఎత్తుననున్న ఈ స్థలము గాలి మంచిదని ఎంచుకొని, 1915లో అక్కడ శానిటోరియము తెరచిరి. డేన్మార్కు దేశస్థుడైన డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దాని మొదటి పెద్ద వైద్యుడు. దూర ప్రాంతములనుండి రైలెక్కి రోగులు వచ్చిరి. మనము తక్కువ చేసి మాటలాడు ఈ పొడిగాలినే వారు వెదకుకొని వచ్చిరి.

రోగులు తెరచిన వరండాలలో మంచములమీద నెలల తరబడి పండుకొని ఆ గాలి పీల్చిరి. అనేకులు బాగుపడిరి, బాగుపడనివారును ఉండిరి. పేదవానికి ఒక చిక్కుండెను. శానిటోరియములో పడకలు కొన్నియే. దారి ఖర్చు లేనివాడు, ఇంటిలో బిడ్డలను విడిచి రాలేని తల్లి ఏమి చేయవలెను? మంచి గాలియే మందు అయిన యెడల, చెడ్డ గాలిలో ఉన్నవారికి నిరీక్షణ లేదు.

1943లో స్ట్రెప్టోమైసిను కనుగొనబడెను, 1952 నాటికి ఐసోనియాజిడు వచ్చెను. 1956లో మద్రాసులో ఒక పరిశోధనా కేంద్రము ఏర్పడెను. అక్కడి వైద్యులు నగరపు పేద పేటలలోని దాదాపు 200 మంది రోగులను రెండు గుంపులుగా చేసి, ఒక గుంపును శానిటోరియములో మంచి గాలిలో మంచి ఆహారముతో ఉంచిరి. రెండవ గుంపును వారి ఇరుకు ఇండ్లలోనే ఉంచి, అవే మందులను సంవత్సరము పాటు ఇచ్చిరి. 1959లో ఫలితము ప్రకటింపబడెను. ఇంటిలో ఉన్నవారును శానిటోరియములో ఉన్నవారితో దాదాపు సమానముగా బాగుపడిరి. ఇంటిలో ఉంచినందున వారి కుటుంబములకు ఎక్కువ కీడు కలుగలేదు. కొండగాలికి పోలేని కూలివాడు తన గుడిసెలోనే స్వస్థపడవచ్చునని లోకమంతటికి తెలిసెను. ఆరోగ్యవరములో పనిచేసినవారి సేవ దీనివలన వ్యర్థము కాలేదు. మందులేని కాలములో రోగిని ముట్టుకొనుటకు బంధువులే జంకుచుండగా, వారు దగ్గర కూర్చుండి గంజి త్రాగించిరి. ఆ ఆసుపత్రి తరువాత ఇతర రోగములకును చికిత్స చేయుచు నిలిచినది. గాలిమీద పెట్టిన నమ్మకము మాత్రము సన్నగిల్లెను, పేదలకు అది మంచిదేయయ్యెను.

చల్లని గాలి కొరకు కొండలెక్కిన మిషనరీలను గూర్చియు ఒక మాట చెప్పవలెను. 1845లో అమెరికా మధుర మిషనువారు కొడైకెనాలు కొండమీద మొదట ఇండ్లు కట్టుకొనిరి. మైదానములోని జ్వరములకు, కలరాకు వారి భార్యలును పసిబిడ్డలును చనిపోవుచుండిరి గనుక వారిని తప్పుపట్టువాడు మొదట ఆ సమాధులను చూడవలెను. తరువాత ఇతర మిషనులవారును వేసవిలో కొండలకు పోవుట వాడుకయైనది. ఆ నెలలలో క్రింద సంఘములను చూచినవారెవరు? ఉపదేశులు, బైబిలు స్త్రీలు. మండుటెండలో పల్లె పల్లె తిరిగినది వారే, అయినను చరిత్ర పుస్తకములలో వారికి దొరికిన చోటు స్వల్పము.

ఆ కాలపు దొరల బంగళాలలో పంకా ఉండెడిది. దాని త్రాడు గోడ రంధ్రముగుండా బయటికి పోవును. బయట వరండాలో ఒకడు కూర్చుండి రేయింబగళ్లు దానిని లాగుచుండును. లోపలివానికి గాలి, లాగువానికి చెమట. ఈ దినములలో ఆ త్రాడు లేదు. పట్టణములలో గదిని చల్లబరచు యంత్రములు వచ్చినవి. అయితే ఆ యంత్రము గదిలోని వేడిని పోగొట్టదు, బయటికి నెట్టును, తన వేడిని కూడ దానికి చేర్చును. వీధిలో బండి పెట్టుకొని పండ్లమ్మువాని మొగముమీదికి ఆ సెగ పోవును. చల్లదనము కోరుట పాపము కాదని పైన వ్రాసితిని; ఇప్పుడును అదే చెప్పుచున్నాను. కాని నా చల్లదనపు వెల ఎవరు చెల్లించుచున్నారని విచారించుట కోరినవాని పనియే.

మన బిడ్డలు మంచి గాలికని బెంగుళూరు పోలేదు, కూలికని పోయిరి. ఆ చల్లని పట్టణములో కట్టడముల ప్రక్కన రేకుల షెడ్లలో వారు పండుకొనుచున్నారు. పగటియెండకు కాగిన రేకు అర్ధరాత్రి వరకు చల్లారదు. కదిరి, రాయచోటి వైపులనుండి ఇంటిపనికి కువైటు పోయిన అక్కచెల్లెండ్రు, మనకంటె వేడియైన దేశమునకే పోయిరి. 2016 జూలై 21న అక్కడి మిత్రిబాలో 53.9 డిగ్రీల వేడి నమోదైనది. మంచి గాలిని ఎంచుకొనుట కలిగినవారికి మాత్రమే దొరకు భాగ్యము. చెట్టు క్రింద కూర్చుండి మనము ఏ దేశము మంచిదని మాటలాడుకొనునప్పుడు, వీరు ఆ మాటలో పాలుపొందలేరు.

యోనా గ్రంథములోని 4వ అధ్యాయమును ఈ వెలుగులో మరల చదువుడి. నీనెవె ఇరాకు దేశములోని మోసులు పట్టణమునకు ఎదుట, టైగ్రిసు నది ఒడ్డున ఉండెను. అక్కడి ఎండ మన ఎండకు తీసిపోదు. యోనా పట్టణమునకు తూర్పున పందిరి వేసికొని, పట్టణమునకు ఏమి సంభవించునో చూచుటకు కూర్చుండెను. దేవుడు అతని తలకు పైగా సొరచెట్టును పెంచెను. ఆ గ్రంథమంతటిలో యోనా సంతోషించెనని వ్రాయబడినది ఆ ఒక్క చోటనే. ఒక పట్టణమంతయు మారుమనస్సు పొందినప్పుడు కోపపడినవాడు, తలమీద నీడ పడగానే మిక్కిలి సంతోషించెను. మరునాడు పురుగు చెట్టును తొలిచెను, వడగాలి వీచెను, ఎండ తలకు తగిలెను. ఇక చచ్చుటే మేలనెను.

దేవుడు అతనిని చల్లదనము కోరినందుకు గద్దింపలేదు. నీడను ఇచ్చినది తానే గదా! నీవు నాటని, పెంచని చెట్టు పోయినందుకు ఇంత దుఃఖపడుచున్నావే, లక్ష ఇరువది వేలకు పైగా మనుష్యులున్న పట్టణము కొరకు నేను దుఃఖపడకూడదా అని మాత్రమే అడిగెను. ఆ జనులు ఆ ఎండలోనే, ఆ గాలిలోనే యుండిరి. వడగాలి యోనా ఒక్కనిమీదనే వీచియుండదు. పట్టణములో పసిబిడ్డలు ఏడ్చియుందురు, పశువులు రొప్పియుండును. యోనాకు తన తల నొప్పి మాత్రము తెలిసెను. అతడేమి జవాబు చెప్పెనో గ్రంథములో లేదు.

ఇది చదువుచున్న సంఘములు ఈ వేసవిలో ఒక పని చేయగలవు. కదిరి, మదనపల్లె బాటమీద బస్సు కొరకు నిలుచువారు ఎండలో నిలుచుచున్నారు. గుడి బాట ప్రక్కన ఉన్నవారు అక్కడనే, లేనివారు బస్సు నిలుచు చోట, వేపమండలతో పందిరి వేసి చలివేంద్రము పెట్టవచ్చును. కుమ్మరివాని యొద్ద క్రొత్త కుండలు నాలుగు కొని, ఇసుక పోసి దానిమీద నిలిపి, ఇసుకను తడుపుచుండవలెను. తెల్లవారకమునుపే నీళ్లు నింపవలెను. వంతులు వేసికొని యౌవనస్థులు ఒక వారము, స్త్రీల సమాజమువారు ఒక వారము చూచుకొనవచ్చును. పూర్వము కొందరికి చెంబుతోను, కొందరికి దూరమునుండి దోసిట పోయుచును నీళ్లిచ్చిన దినములు పెద్దలకు తెలియును. మన కుండ యొద్ద అందరికి ఒకే గ్లాసు ఉండవలెను. ప్రక్కన పశువులకు ఒక తొట్టి కూడ పెట్టుడి, నీనెవెలో పశువులును అనేకములు ఉన్నవని దేవుడు చెప్పెను గదా. ఆ తొట్టిని చెట్టు క్రిందనే ఉంచవలెను. ఎండలో పెట్టిన యెడల మధ్యాహ్నమునకు నీళ్లు కాగి, గొర్రెలు మూతి పెట్టి వెనుకకు తీయును.